ఉద్దానంలో కిడ్నీ రోగులకు టెలిమెడిసిన్ కేంద్రాలు పెట్టాలనుకుంటున్నాము: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – సోంపేట వాసి

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి మండలాల్లోని కొన్ని గ్రామాల వాళ్ళం కలిసి ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాము. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసింది లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైన తరువాత డయాలసిస్ అవసరమైన వారికి విశాఖపట్నం వెళ్ళే బాధ కొంత తగ్గింది. అయితే ఆ దశకు ఇంకా రానివారి సంగతి వేరు. కిడ్నీలు దెబ్బతిన్న కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ రెండు, మూడు మధ్య ఉండి, పైకి ఏ బాధా తెలియక జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి పనికి పోతున్నవారు మూడు నెలలకొకసారి డాక్టరుకు చూపించుకోవలసి ఉన్నా చూపించుకోవడం లేదు. ఒకరోజు కూలి పోగొట్టుకొని, తోడుకు ఇంకొకరి కూలి కూడా పోగొట్టి, బస్సు దిగి వరుసలో నిలబడితే చివరకు వినిపించేది "ఇవే మందులు వాడండి" అన్న మాటే కదా అని వారి అభిప్రాయం. వారిని తప్పుపట్టలేము.

అమెరికాలో స్థిరపడిన మా ప్రాంతపు మిత్రులు కొందరు ఈ పనికి విరాళం ఇస్తామన్నారు. ఆరు గ్రామాల్లో టెలిమెడిసిన్ కేంద్రాలు, అంటే డాక్టరు దూరం నుంచే వీడియోలో రోగిని చూసే కేంద్రాలు, పెట్టాలని ఆలోచన. ఒక కంపెనీ ప్రతినిధులు వచ్చి, గోడకు పెద్ద తెర, డిజిటల్ స్టెతస్కోపు, ఈసీజీ యంత్రం, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి కొటేషన్ ఇచ్చారు. చేతిలో ఉండబోయే సొమ్ములో ముప్పాతిక భాగం దానికే సరిపోతుంది. ఆ పరికరాలన్నీ నిజంగా అవసరమా? విరాళమిచ్చే మిత్రుల్లో డాక్టర్లు కూడా ఉన్నారు, వారు అక్కడినుంచే మన రోగులను చూడవచ్చా? ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఉండగా మేము వేరుగా పెట్టడంలో అర్థముందా? ప్రారంభోత్సవం ఘనంగా జరిగి రెండో ఏడు తాళం పడిన కేంద్రాలను మేము చూశాము కాబట్టి, అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు – విశాఖ ఫిజీషియన్

ముందుగా ఆ కొటేషన్‌ను పక్కన పెట్టండి. మీ రోగి ఎవరో తేలిన తరువాతే ఏ పరికరం కావాలో తేలుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు కావలసింది కొత్త జబ్బును కనిపెట్టే కేంద్రం కాదు, ఇప్పటికే జబ్బు నిర్ధారణ అయినవారిని వదిలిపెట్టకుండా చూసుకునే ఏర్పాటు. టెలిమెడిసిన్‌కు ఇంతకంటే అనువైన పని మరొకటి లేదు. ఛాతీనొప్పితో వచ్చిన కొత్త మనిషిని తెరమీద చూడాలంటే నాకు భయం. ఆరు నెలలుగా ఎరిగిన కిడ్నీ రోగిని చూడడానికి భయం లేదు.

2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. ఒక జబ్బుకు నేరుగా చూపించుకున్న తరువాత ఆరు నెలల లోపల అదే జబ్బుకు మళ్ళీ సంప్రదిస్తే దానిని ఫాలో-అప్‌గా పరిగణిస్తారు. అటువంటి సందర్భంలో, వాడుతున్న బీపీ మందుకు ఇంకొక మందు చేర్చడం వంటి స్వేచ్ఛ డాక్టరుకు ఎక్కువగా ఉంటుంది. మొదటిసారి సంప్రదింపు ఫోనులో మాటతోనే జరిగితే పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ వంటివి తప్ప పెద్దగా ఏమీ రాయలేము. కాబట్టి మీ కార్యక్రమం లెక్క దానంతట అదే కుదురుతుంది: ప్రతి రోగీ ఆరు నెలలకొకసారి పలాసలోనో శ్రీకాకుళంలోనో నేరుగా చూపించుకోవాలి, మధ్యలో వచ్చే మూడో నెల సందర్శన మీ కేంద్రంలో తెరమీద జరగాలి. అంటే ఏడాదికి నాలుగు ప్రయాణాలు రెండవుతాయి. అంతకుమించి ఆశపెట్టకండి.

ఇక కాల్ మొదలయ్యే సమయానికి నా ముందు ఉండవలసినవి చెబుతాను. ఆ వారంలో చేయించిన క్రియాటినిన్, రక్తంలో మితిమీరితే గుండెకు ప్రమాదమయ్యే పొటాషియం, అయిదు నిమిషాలు కూర్చోబెట్టిన తరువాత రెండుసార్లు చూసిన బీపీ, బరువు, రోగి నిజంగా మింగుతున్న మందుల జాబితా. ఇవి లేకుండా వీడియో కాల్ అంటే కుశలప్రశ్నలే. రక్తం కాల్‌కు మూడు, నాలుగు రోజుల ముందే తీసి ల్యాబుకు పంపాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. తీసిన రక్తాన్ని వేరుచేయకుండా గంటల తరబడి ఉంచినా, గతుకుల రోడ్డుమీద కుదుపులకు కణాలు చితికినా, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి నేను బంగారంలాంటి మందును ఆపేస్తాను, లేదా రోగిని అర్ధరాత్రి పలాసకు తరిమిస్తాను. కాబట్టి డిజిటల్ స్టెతస్కోపుకు బదులు రక్తాన్ని గిరగిర తిప్పి వేరుచేసే ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ యంత్రం కొని, రక్తం తీసినచోటనే కణాలనుంచి సీరం (పైకి తేలే ద్రవం) వేరుచేసి చల్లని పెట్టెలో పంపే ఏర్పాటు చేయండి. గోడమీద తెర అక్కరలేదు, ఒక మంచి ట్యాబ్ చాలు.

మూత్రంలో పట్టీ ముంచి ప్రోటీన్ చూసే పరీక్ష చౌక కాబట్టి ఊరంతటికీ అది చేసేద్దామని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకు ఆ పరీక్ష పనికొస్తుంది. ఉద్దానంలో కనిపించే జబ్బులో మూత్రంలో ప్రోటీన్ చాలా తక్కువగా పోతుంది, చాలామందిలో బీపీ కూడా చివరిదశ వరకు పెద్దగా పెరగదు. పట్టీ రంగు మారలేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయని ఇంటికి పంపితే అది అపాయకరమైన ధైర్యం. క్రియాటినిన్‌కు ప్రత్యామ్నాయం లేదు.

మందుల సంచి విషయం వేరుగా చెప్పాలి. రోగులు మందులను ప్లాస్టిక్ కవరులో వేసుకొని తెస్తారు. షాపులో నాలుగేసి మాత్రలు కత్తిరించి ఇవ్వడం వల్ల రేకుమీద పేరు సగం ఎగిరిపోయి ఉంటుంది. "గ్యాస్ బిళ్ళ" అని చెప్పి చూపించే ఆ ముక్కల్లో ఒళ్ళునొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటివి ఉంటాయి. కిడ్నీని దెబ్బతీసే ఆ బిళ్ళను పట్టుకోవడానికి ఒక్కటే మార్గం: కాల్‌కు ముందు నర్సు కవరును బల్లమీద బోర్లించి, ప్రతి ముక్కనూ వెలుతురులో పెట్టి ఫోటో తీయాలి. కాళ్ళవాపు చూపించేటప్పుడు కూడా అంతే. ట్యాబ్‌ను చీలమండ దగ్గరకు దించి, ఎముకమీద బొటనవేలితో కొద్ది క్షణాలు అదిమి తీస్తే పడిన గుంట పూడడానికి ఎంతసేపు పడుతుందో నేను ఇక్కడినుంచే చూడగలను. ఈ రెండూ చేయగల నర్సు దొరికితే మీ కార్యక్రమంలో సగం పని అయినట్టే.

తెరమీద చూడకూడనివారి జాబితా గోడకు అతికించండి. ఆయాసం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఆగని వాంతులు, మగత, ఛాతీనొప్పి ఉన్నవారిని కాల్ కోసం కూర్చోబెట్టకుండా 108కు ఫోను చేసి పంపాలి. చివరిగా, రోగి స్వయంగా ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే భావిస్తారు గానీ, మీ కేంద్రంలో ఆరోగ్య కార్యకర్త కాల్ కలుపుతారు కాబట్టి రోగి స్పష్టమైన సమ్మతి తీసుకొని రికార్డు చేయవలసి ఉంటుంది. మాటతో ఇచ్చిన సమ్మతిని ఆడియోగా దాచినా సరిపోతుంది.

జవాబు – కంటి శిబిరాల మేనేజరు

డాక్టరు గారు వైద్యం గురించి చెప్పారు కనుక నేను నిర్వహణ గురించే చెబుతాను. మన రాష్ట్రానికి టెలిమెడిసిన్ కొత్తది కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం 2000లోనే మొదలైంది, దానిని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఆ తరువాత ఇస్రో ఉపగ్రహం ద్వారా జిల్లా ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో కలిపింది. అప్పట్లో కష్టమంతా సిగ్నలుతోనే. ఇప్పుడు జీడితోట మధ్యలో కూడా ఫోను పలుకుతుంది, అయినా కేంద్రాలు మూతపడుతున్నాయంటే కారణం సిగ్నలు కాదన్నమాట.

నిలబడిన ఉదాహరణ చూడాలంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి విజన్ సెంటర్లను చూడండి. సుమారు 50,000 జనాభాకు ఒక కేంద్రం, అందులో ఆ చుట్టుపక్కల ఊళ్ళకు చెందిన, ఏడాది శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్, సందేహం వచ్చిన కేసును పై స్థాయి ఆసుపత్రికి పంపే ఏర్పాటు. నా ఉద్దేశంలో దాని కీలకం ఇదీ: ఆ రోజు డాక్టరు తెరమీదకు రాకపోయినా కేంద్రంలో పని ఆగదు. చూపు పరీక్షించి కళ్ళజోడు ఇవ్వడం టెక్నీషియన్ స్వయంగా చేస్తారు, దానివల్ల కొంత ఆదాయం కూడా ఉంటుంది. వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగిపోడు. మీ కేంద్రంలోనూ డాక్టరుతో సంబంధం లేకుండా ప్రతిరోజూ జరిగే పని ఒకటి ఉండాలి; బీపీ, షుగరు చూడడం, రక్తం తీయడం, రిపోర్టు చదివి చెప్పడం వంటివి చాలు. తెర వెలిగినప్పుడే తలుపు తెరిచే కేంద్రాన్ని జనం నెల తిరక్కుండా మరచిపోతారు.

ఉత్తరాంధ్రలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన కేంద్రం ఎందుకు ఆగిపోయిందో దగ్గరనుంచి చూశాను. స్పెషలిస్టు డాక్టర్లు ఉచితంగా సేవ చేస్తామని ముందుకు వచ్చారు. వారి మంచితనంలో లోపమేమీ లేదు. కానీ ఆపరేషన్ ఆలస్యమైతే కాల్ ఆలస్యమయ్యేది, సమావేశం వస్తే కాల్ రద్దయ్యేది. ముసలివారు పొద్దున్న పదింటికి వచ్చి ఒంటిగంటకు తిరిగి వెళ్ళిపోయిన సందర్భాలు రెండు మూడు చాలు, ఊళ్ళో ఆ మాట పాకడానికి. ఆ కేంద్రంలో కొన్న ఈసీజీ యంత్రం అట్టపెట్టె విప్పకుండానే వారంటీ ముగిసింది. కనుక డాక్టరుకు రుసుము ఇవ్వండి. తక్కువైనా సరే, గంటల లెక్కన, ఒప్పందం రాసుకొని ఇవ్వండి. డబ్బు తీసుకున్న మనిషిని సమయం అడగవచ్చు, ఉపకారం చేస్తున్న మనిషిని అడగలేము. ఆయన రాలేని రోజుకు రెండో డాక్టరు పేరు కూడా ఒప్పందంలోనే ఉండాలి.

సాంకేతిక విషయాలు త్వరగా ముగిస్తాను. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఇన్వర్టరు, శబ్దం స్పష్టంగా పట్టే మైకు ఉంటే చాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పరవాలేదు గానీ మాట తెగితే పెద్దవారు కంగారుపడతారు. రిపోర్టులు, ఫోటోలు ముందే పంపితే, వీడియో పనిచేయని రోజున మామూలు ఫోనుమీద కూడా ఫాలో-అప్ నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ ప్రాంతంలో కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రతి రోగి పేరు, మందులు, చివరి క్రియాటినిన్ ఒక కాగితపు రిజిస్టరులో కూడా ఉండి తీరాలి.

ఆరు గ్రామాల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకచోట మొదలుపెట్టి, ఏడాదిపాటు రెండు అంకెలు చూడండి: ఈ నెల రావలసినవారిలో ఎందరు వచ్చారు, పలాసకు వెళ్ళమని చెప్పినవారిలో ఎందరు నిజంగా వెళ్ళారు. ఎన్ని కాల్స్ జరిగాయన్నది విరాళమిచ్చేవారికి నచ్చే అంకె, దానివల్ల మీకు ఏమీ తెలియదు.

జవాబు – న్యూజెర్సీ డాక్టరు

అమెరికా మిత్రుల గురించి అడిగారు కనుక నా మాట. మార్గదర్శకాల ప్రకారం భారతదేశంలోని రోగికి టెలిమెడిసిన్ ద్వారా వైద్యం చేయాలంటే రాష్ట్ర మెడికల్ రిజిస్టరులో గాని, జాతీయ రిజిస్టరులో గాని పేరు ఉండాలి. ప్రిస్క్రిప్షన్ మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేయాలి. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లదు. ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినవారైనా అక్కడి రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో ముందు చూసుకోవాలి. అదే సమయంలో, రిజిస్టరులో పేరున్న భారతీయ వైద్యులు దేశంలో ఏ రాష్ట్రపు రోగినైనా చూడవచ్చు. ఇచ్ఛాపురం దాటితే దగ్గరలోనే ఉన్న బరంపురం డాక్టర్లను మీరు తప్పక పరిశీలించండి. మీ రోగుల్లో ఒడియా మాట్లాడేవారు ఉంటే వారికి అదొక ఊరట.

మా వంటివారు చేయగలిగినది వేరే ఉంది. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే, ఇక్కడ ఎండాకాలం కోసం గడియారాన్ని గంట ముందుకు జరిపే నెలల్లో, మాకు ఉదయం తొమ్మిది. వారానికొక గంట మీ నర్సులకు శిక్షణ, చిక్కు కేసుల మీద అక్కడి డాక్టరుతో చర్చ సులభంగా జరుగుతాయి. అయితే నిర్ణయం, సంతకం ఆ డాక్టరువే కావాలి. రిపోర్టులను వాట్సాప్ గ్రూపుల్లో పేర్లతో సహా తిప్పే అలవాటును మాత్రం మొదటిరోజే మాన్పించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉందనే కాదు, కిడ్నీ జబ్బు ఉన్న ఇంటికి పెళ్ళి సంబంధం రావడం కూడా కష్టమయ్యే ప్రాంతమది. విరాళాన్ని యంత్రాలకు కాకుండా మూడేళ్ళ నర్సు జీతానికి కేటాయించమని మీ మిత్రులకు నా మాటగా చెప్పండి. యంత్రం పక్కన ఫోటో దిగినట్టు జీతం పక్కన దిగలేము కాబట్టి కొందరికి నచ్చకపోవచ్చు.

జవాబు – విలేజ్ క్లినిక్ నర్సు

నేను ఉత్తరాంధ్రలోనే ఒక విలేజ్ క్లినిక్‌లో ఎం.ఎల్.హెచ్.పి.గా (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా) పనిచేస్తున్నాను. ఈ-సంజీవని గురించి ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ తయారుచేసిన ఆ వ్యవస్థను 2019లో మొదట అమలుచేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. మా క్లినిక్ నుంచి మేము కాల్ కలుపుతాము, హబ్‌లో, అంటే కాల్స్ అందుకునే కేంద్రంలో, ఉన్న డాక్టరు గారు చూసి మందులు రాస్తారు, ఆ ప్రిస్క్రిప్షన్ వెంటనే మా దగ్గరకు వస్తుంది. జ్వరం, చర్మవ్యాధి, బీపీ మందు వంటివాటికి ఇది బాగానే నడుస్తుంది. కానీ కాల్ ప్రతిసారీ ఒకే డాక్టరుకు వెళ్ళాలని లేదు. మీ కిడ్నీ రోగికి కావలసింది తన కథ మొదటినుంచి తెలిసిన ఒకే డాక్టరు. అందువల్ల మీరు వేరే కేంద్రం, వేరే గది, వేరే ట్యాబ్ పెట్టేకంటే, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారిని కలిసి, వారంలో ఫలానా రోజు ఫలానా గంటలో కిడ్నీ డాక్టరు హబ్‌లో కూర్చునేలా అడిగి చూడండి. ఒప్పుకుంటే మీ ట్రస్టు చేయవలసిన పనులు ఇంకా బోలెడున్నాయి: రక్తం నమూనాలు మోసే మనిషి, పలాసకు పంపిన రోగికి దారిఖర్చు, గుర్తుచేసే ఫోను. ఆ పనులకు ప్రభుత్వంలో పద్దు ఉండదు, మనిషీ ఉండరు. ఒప్పుకోకపోతే వేరుగా పెట్టండి. అప్పుడు ప్రైవేటు క్లినిక్ కింద రిజిస్ట్రేషన్, మందులు అమ్మదలిస్తే డ్రగ్ లైసెన్సు కావలసి వస్తాయి.

సమయం గురించి కూడా ఆలోచించండి. పలాస జీడి కర్మాగారాల్లో పనిచేసే ఆడవారు పగలు పదకొండింటికి రమ్మంటే ఎలా వస్తారు? సాయంత్రం పని దిగిన తరువాతనో, సెలవు రోజునో పెట్టాలి. వేటకు గుజరాత్‌లోని వెరావల్ వరకు వెళ్ళే మత్స్యకారులు నెలల తరబడి ఊళ్ళోనే ఉండరు. వారు బయలుదేరే ముందే రక్తపరీక్ష చేయించి, మందుల పేర్లున్న కాగితం చేతికిచ్చి, అక్కడినుంచి ఫోనులో మాట్లాడే రోజు నిర్ణయించాలి. ఇంకొక మాట, కాల్ ముగిసిన వెంటనే రోగి నావైపు తిరిగి "డాక్టరు గారేమన్నారమ్మా?" అని అడుగుతారు. వారు విన్నారు, డాక్టరు తెలుగులోనే చెప్పారు, అయినా అడుగుతారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాల కాల్ తరువాత పది నిమిషాల నా సమయం పడుతుంది, దానిని లెక్కలో వేసుకోకపోతే వరుస బయటికి పాకుతుంది.

మళ్ళీ అడిగినవారు – సోంపేట వాసి

అందరికీ ధన్యవాదాలు. కొటేషన్ వాపసు పంపుతున్నాము. మా సభ్యులతో మాట్లాడి, మొదట ఒక్క గ్రామంలో, నర్సమ్మ గారు చెప్పినట్టు జిల్లా అధికారిని కలిసిన తరువాతే మొదలుపెట్టాలని అనుకున్నాము. డాక్టరు గారికి ఒక ప్రశ్న. రావలసిన రోజున రాని రోగిని ఎన్నిసార్లు పిలవాలి? మా ఊళ్ళలో ఆరోగ్యం కాస్త బాగుంటే మందు మానేసేవారే ఎక్కువ.

జవాబు – విశాఖ ఫిజీషియన్

అందరినీ ఒకే విధంగా పిలవకండి. రిజిస్టరులో మూడు రంగులు పెట్టుకోండి. గత రెండు పరీక్షల్లో క్రియాటినిన్ నిలకడగా ఉన్నవారికి ఒక ఫోను, స్పందించకపోతే వచ్చే నెల మరొక ఫోను చాలు. పెరుగుతున్నవారికి ఫోనుతో ఆగకుండా ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపాలి. పొటాషియం ఎక్కువ వచ్చినవారు, కొత్తగా టెల్మిసార్టన్ వంటి, పొటాషియం పెంచగల బీపీ మందు మొదలుపెట్టినవారు రాకపోతే మాత్రం ఆ వారంలోనే మనిషి ఇంటికి వెళ్ళి రక్తం తీసుకురావాలి. ఆ మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడకపోతే మందు రాయకపోవడమే మేలు. వచ్చినవారు మాట వినలేదని కోప్పడవద్దని మీ సిబ్బందికి చెప్పండి, తిట్టిన చోటికి రెండోసారి ఎవరూ రారు. జిల్లా అధికారిని కలిసేటప్పుడు ఈ రిజిస్టరు నమూనా పట్టుకెళ్ళండి. కావాలంటే నేను తయారుచేసి ఇక్కడే పెడతాను.